ఏడు కిలోలకే ఎగిరిపడిన మిషన్

నన్ను యలహంక సర్వీస్ సెంటర్‌కి ఏరియా సర్వీస్ ఇన్‌ఛార్జిగా వేసింది ఒక జూన్ మొదటి తారీఖున. రిటైర్‌మెంటుకి ఇంకా మూడేళ్లుంది. అంతకుముందు ఇరవై ఆరేళ్లు బెంగళూరులోనే, ఒకే కంపెనీలో, వాషింగ్ మిషన్లు బాగుచేస్తూ వచ్చాను. ఇన్‌ఛార్జి అయ్యాక మాత్రం మిషన్ విప్పే పని పోయింది. విప్పినవాళ్లు రాసిన కాగితాల మీద సంతకం పెట్టడం వచ్చింది.

ఆ కాగితాన్ని జాబ్ షీట్ అంటాం. టెక్నీషియన్ కస్టమర్ ఇంటికి వెళ్లి చూసి, మిషన్‌లో ఏముందో, తను ఏం చేశాడో అందులో రాస్తాడు. అడుగున రెండు గళ్లుంటాయి. ఒకటి ‘తయారీ లోపం’, రెండోది ‘వాడకంలో లోపం’. మొదటి గడిలో టిక్కు పడితే ఖర్చు కంపెనీది. ఒకే ఫిర్యాదు మూడుసార్లు వస్తే మిషన్ మార్చి ఇవ్వాలి. రెండో గడిలో టిక్కు పడితే ఆ ఫిర్యాదు లెక్కలోకే రాదు. కానీ రెండో గడి చెల్లాలంటే ఇన్‌ఛార్జి సంతకం ఉండాలి. స్వయంగా పరిశీలించి సంతకం చేయాలని రూల్ పుస్తకంలో ఉంది. నాకు తెలిసి ఎవరూ అలా చేసేవారు కాదు. సాయంత్రం ఐదున్నరకు టెక్నీషియన్లందరూ వచ్చి షీట్లు బల్ల మీద పెడితే, టీ తాగుతూ సంతకాలు పెట్టేసేవాణ్ణి.

ఆ ఏడాదే మా కంపెనీ కొత్త ఫ్రంట్ లోడ్ మోడల్ తెచ్చింది. తొమ్మిది కిలోలది. పెద్ద కుటుంబాలకు, పెద్ద లోడ్లకు ఇదే సరైనదని షోరూముల్లో ఊదరగొట్టారు. మిషన్ మంచిదే. అయితే ఆ తొమ్మిది కిలోల మాటకు ఒక మెలిక ఉంటుంది, అది షోరూములో ఎవరూ చెప్పరు. తొమ్మిది కిలోలంటే పొడి నూలు బట్టలు, అదీ కాటన్ ప్రోగ్రామ్‌లో వేసినప్పుడు. పాలిస్టర్ బట్టలైతే అందులో సగం. క్విక్ వాష్ పెడితే రెండు కిలోలు దాటకూడదు. ఇది తెలియక జనం డ్రమ్ము నిండా కుక్కి, కాలితో తొక్కినంత పని చేసి, మిషన్ తిరగడం లేదని ఫోన్ చేస్తారు. కాబట్టి జాబ్ షీట్ మీద ‘ఓవర్ లోడ్’ అని కనిపిస్తే నేను ఆలోచించేవాణ్ణి కాదు. చాలాసార్లు అది నిజమే అయ్యేది.

జూలై రెండో వారంలో ఒక ఉదయం ఒకామె సర్వీస్ సెంటర్‌కి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. కుడిచేతి మణికట్టుకు పట్టీ కట్టుకుని ఉంది. పేరు ఈశ్వరమ్మ. మడకశిర పక్క నుంచి పెళ్లయి వచ్చి ఇరవై అయిదేళ్లుగా యలహంక పాత ఊళ్లో ఉంటోంది. భర్తకు మార్కెట్ దగ్గర కూరగాయల అంగడి. ఇంట్లో ఎనిమిది మంది. ఆమె మా తొమ్మిది కిలోల మిషన్ కొని అప్పటికి అయిదు వారాలు. రెండుసార్లు ఫిర్యాదు చేసింది. రెండుసార్లూ మా సీనియర్ టెక్నీషియన్ మంజునాథ్ వెళ్లి, ‘ఓవర్ లోడ్, వాడకంలో లోపం’ అని రాసి వచ్చాడు. రెండు షీట్ల మీదా నా సంతకం ఉంది.

ఆమె నా ఎదురుగా కూర్చుని, చీర కొంగు ముడిలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసింది.

“సార్, మీ మనిషి ఓవర్ లోడ్ అని రాసినాడు. నేను ప్రతిసారీ తూకమేసే వేసినా. మాది కూరగాయల అంగడి, ఇంట్లో కాటా ఉండాది. చూడండి.”

కాగితంలో వరుసగా రాసి ఉంది: ఏ రోజు ఏం బట్టలు, ఎన్ని కిలోలు, ఏమైంది. నాలుగు కిలోలు, బాగా పిండింది. మూడున్నర, బాగా పిండింది. ఏడు కిలోలు, ఎగిరి ఆగిపోయింది. ఆరున్నర, ఎగిరి ఆగిపోయింది. ఏడుంబావు, ఆగిపోయింది.

నా నోటికి అలవాటైన జవాబే వచ్చింది. తడి బట్టల బరువు వేరు, పొడి బట్టల బరువు వేరు అన్నాను.

“పొడి బట్టలే తూకమేసినా సార్. నూలు దుప్పట్లే. కాటన్ మీదనే పెట్టినా. మీరే తొమ్మిది కిలోలని దానిమీద రాసిండారు. ఏడు కిలోలకే ఎగురుతాండాది. మిగతా రెండు కిలోలు ఎవురికి?”

ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. పట్టీ కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టి చెప్పింది. అత్తకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, మంచం మీదే ఉంది. రోజుకు మూడు నాలుగు దుప్పట్లు మార్చాలి. పదేళ్లుగా చేత్తో పిండీ పిండీ మణికట్టు నరం దెబ్బతింది. ఇక బట్టలు పిండొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ పిండే పని కోసమే మిషన్ కొన్నారు. ఇప్పుడది ఉతుకుతోంది గానీ స్పిన్‌కి వచ్చేసరికి ఎగిరెగిరి ఆగిపోతోంది. నీళ్లు కారుతున్న దుప్పట్లు బయటికి తీసి మళ్లీ ఆ చేత్తోనే పిండాలి.

“మా ఇంటాయన వాపసు ఇచ్చేద్దాం అంటాండాడు. వాపసు ఇస్తే మళ్లా బండమీదికే కదా సార్ నేను పోవాల్సింది. నాకు వాపసు వద్దు. పిండే మిషన్ కావాల.”

మరుసటి రోజు పదకొండింటికి నేనే వస్తానని చెప్పి పంపాను. ఆమె వెళ్లాక మంజునాథ్‌ని పిలిచి అడిగాను. కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. ఎనిమిదేళ్ల అనుభవం. పని బాగా వచ్చినవాడు.

“డ్రమ్ము నిండా దుప్పట్లుండె సార్. ఖాళీగా తిప్పితే సరిగ్గా తిరిగింది. నాలుగు టవళ్లు వేస్తే కూడా తిరిగింది. ఇంకేం రాసేది? ఆ రోజు నాకు తొమ్మిది కాల్స్ సార్.”

అతను చెప్పింది అబద్ధం కాదు. తూకం వేశావా అని నేను అడగలేదు. సంతకం పెట్టిన షీటును నేనే చదవలేదు కదా అని లోపల అనిపించింది.

యలహంక పాత ఊళ్లో మార్కెట్ వెనక సందులో వాళ్ల ఇల్లు. రెండు గదుల మధ్య నడవలో, నీళ్ల కొళాయి పక్కన మిషన్ పెట్టారు. దాని వెనక గోడకు అవతల ఈశ్వరమ్మ అత్త మంచం. ఆ పెద్దామె నన్ను చూడలేదు గానీ గదిలోంచే అడిగింది: “ఎవురే వచ్చింది? మిషన్ ఆయప్పేనా?”

మంజునాథ్‌ని కూడా తీసుకెళ్లాను. పెద్ద లోడ్ దగ్గర ఫ్రంట్ లోడ్ మిషన్ ఎగిరితే వరుసగా చూడాల్సినవి కొన్ని ఉంటాయి. మొదటిది ట్రాన్సిట్ బోల్టులు. లారీలో వచ్చేటప్పుడు లోపలి టబ్బు ఊగకుండా వెనక నుంచి నాలుగు పొడుగు బోల్టులు బిగిస్తారు. ఇంట్లో మిషన్ అమర్చేటప్పుడు వాటిని తీయడం మరిచిపోతే మిషన్ గుర్రంలా గంతులేస్తుంది. చూశాం, తీసే ఉన్నాయి. రెండోది నేల. రసమట్టం పెట్టి చూశాను. బుడగ మధ్యలో నిలిచింది. మూడోది కాళ్ల నట్లు. బిగువుగానే ఉన్నాయి. నాలుగోది డ్యాంపర్లు, అంటే టబ్బు ఊపును ఆపే కడ్డీలు. మిషన్‌ని పక్కకు వాల్చి చూశాం. బాగున్నాయి.

ఖాళీగా స్పిన్ పెట్టాం. నిశ్శబ్దంగా తిరిగింది. నాలుగు కిలోలు వేసి స్పిన్ పెట్టాం. తిరిగింది. మంజునాథ్ నా వైపు చూశాడు.

“ఏడు కిలోలు వేయమ్మా” అన్నాను.

ఈశ్వరమ్మ ఉతికి ఆరిన దుప్పట్లు కాటాలో వేసి తూచింది. ఏడు కిలోల వంద గ్రాములు. తనే ఒక్కొక్కటీ విడివిడిగా, ముద్ద కాకుండా డ్రమ్ములో వేసింది. పైన అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. పుస్తకంలో ఎలా వేయమని ఉందో అచ్చం అలాగే వేసింది. నీళ్లు పట్టించి, తడిపి, స్పిన్ పెట్టాం.

డ్రమ్ము మెల్లగా తిరుగుతూ బట్టల్ని చుట్టూ సర్దుకుంది. వేగం పెరిగింది. ఇంకొంచెం పెరిగేసరికి లోపలినుంచి ‘ఠంగ్’మని ఒక శబ్దం వచ్చింది. వెంటనే ఇంకోటి. మరుక్షణంలో మిషన్ మొత్తం ముందుకు ఉరికింది. గోడ అదిరింది. లోపలి గదిలో పెద్దామె “అయ్యో, ఆపండప్పా, మంచం కదులుతాండాది!” అని కేకేసింది. నేను ప్లగ్గు పీకేశాను.

బట్టలు ఒక పక్కకు చేరితే వచ్చే శబ్దం వేరు. అది మెత్తగా, దబ్‌దబ్‌మని వస్తుంది. ఇది రాయి ఇనుముకు తగిలిన శబ్దం. ఇరవై ఆరేళ్లలో ఆ శబ్దం నేను రెండుసార్లే విన్నాను.

“అమ్మా, ఈ మిషన్ కింద ఊడ్చేటప్పుడు ఏమైనా రాలి ఉంటుందా?”

“రోజూ బూడిద మాదిరి పొడి పడతాండాది సార్. గోడ సున్నం రాలుతాండాది అనుకుంటి.”

వంగి కింద చెయ్యి పెట్టి చూశాను. వేళ్లకు బూడిదరంగు పొడి అంటింది. సిమెంటు. గోడ మాత్రం టైల్స్ అంటించిన గోడ.

ఇక ముందు పలక విప్పాలి. ఈ పనిని టెక్నీషియన్లు వీలైనంతవరకు తప్పించుకుంటారు. పైమూత తీయాలి, సబ్బు పొడి డబ్బా తీయాలి, స్విచ్చుల బోర్డు తీయాలి, తలుపు చుట్టూ ఉండే రబ్బరును పట్టుకున్న స్ప్రింగు రింగు ఊడదీయాలి. విప్పడానికి పావుగంట, ఆ రింగును మళ్లీ ఎక్కించడానికి అరగంట. రోజుకు తొమ్మిది ఇళ్లు తిరగాల్సిన మనిషి ఆ పనికి పూనుకోడు. అందుకు నేను ఎవర్నీ తప్పుపట్టలేను. కొళాయి కట్టేసి, నేల మీద కూర్చుని ఇద్దరం విప్పాం.

ఫ్రంట్ లోడ్ మిషన్‌లో టబ్బు ముందు వైపు ఒక సిమెంటు దిమ్మ ఉంటుంది. కౌంటర్‌వెయిట్ అంటాం. డ్రమ్ము వేగంగా తిరిగేటప్పుడు టబ్బు లేచిపోకుండా పట్టి ఉంచే బరువు అది. దాన్ని టబ్బుకు బోల్టులతో బిగిస్తారు. ఈశ్వరమ్మ మిషన్‌లో ఆ దిమ్మ రెండు బోల్టుల దగ్గర పగిలి ఉంది. కంత చుట్టూ సిమెంటు పొడి పొడిగా రాలిపోయింది. మిగిలిన బోల్టులు మాత్రమే దాన్ని మోస్తున్నాయి. తక్కువ లోడ్‌కి ఆ బిగువు సరిపోతోంది. లోడ్ పెరిగేసరికి దిమ్మ ఊగి టబ్బును కొడుతోంది. ఎక్కడో లారీలో గానీ గోడౌనులో గానీ మిషన్ ముందుకు పడి ఉంటుంది. పెట్టె మీద చిన్న నొక్కు కూడా ఎవరికీ కనిపించి ఉండదు.

మంజునాథ్ ఆ పగులు మీద వేలు పెట్టి చూశాడు. “పోయినసారే విప్పాల్సిండె సార్” అన్నాడు.

“నేను పోయినసారే రావాల్సింది” అన్నాను.

ఆ మిషన్ ఇంకొన్నాళ్లు తిరిగి ఉంటే ఏమయ్యేదో మా ఇద్దరికీ తెలుసు. పది కిలోలు దాటిన దిమ్మ పూర్తి వేగంలో ఊడితే టబ్బు పగులుతుంది. తలుపు అద్దం పగలొచ్చు. నీళ్లు వైర్ల మీద పడతాయి. గోడకు అవతల కదలలేని మనిషి ఉంది. ఆగిపోయి ఎర్రర్ చూపించినప్పుడల్లా ఆ మిషన్ నిజానికి ఆ ఇంటిని కాపాడుతూ వచ్చింది. మేము దాన్ని వాడకంలో లోపం అని రాశాం. ఈ మాట ఈశ్వరమ్మకు దాచకుండా చెప్పాను. ఆమె అత్త ఉన్న గదిలోకి ఒకసారి తొంగిచూసి వచ్చింది. తర్వాత, “అయితే నేను వేసింది తప్పు కాదు కదా సార్?” అని అడిగింది.

“తప్పు కాదమ్మా. మీరు వేసినంత సరిగ్గా ఎవరూ వేయరు.”

“అది చాలు” అంది. “అయిదు వారాల నుంచి ఇంట్లో అందరూ నాకు వేసేది రాదనే అంటాండారు.”

సాయంత్రం ఆఫీసుకు వచ్చి బ్రాంచి సర్వీస్ మేనేజర్‌కి ఫోన్ చేశాను. మిషన్ మార్చడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. రెండు విషయాల దగ్గర మాత్రం మాట పెరిగింది. ఒకసారి సిస్టమ్‌లో ఎక్కిన ‘వాడకంలో లోపం’ తీయాలంటే రీజినల్ ఆఫీసుకు సవరణ నోట్ పంపాలి. అందులో కారణం రాయాలి. ‘కొత్తగా ఏర్పడిన లోపం’ అని రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదని ఆయన సలహా. నేను ‘ఇన్‌ఛార్జి పరిశీలించకుండా సంతకం చేశారు’ అని రాసి, కింద నా పేరు పెట్టాను. మంజునాథ్ పేరు రాయలేదు. టెక్నీషియన్ రాసిందాన్ని సరిచూడటమే నా ఉద్యోగం కాబట్టి రాయలేదు, జాలితో కాదు.

రెండో విషయం మిగతా మిషన్ల సంగతి. అదే లారీలో మా గోడౌనుకు వచ్చినవి మొత్తం పద్నాలుగు. మిగిలిన పదమూడూ యలహంక, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, హూడి ఇళ్లకు వెళ్లాయి. అన్నీ విప్పి చూస్తానన్నాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, లేని భయం మనమే పుట్టించడం ఎందుకని మేనేజర్ అన్నారు. ఆ ఇళ్లలో ఇద్దరో ముగ్గురో ఉంటారు, సగం డ్రమ్ము కూడా నింపరు, కాబట్టి లోపం బయటపడదు, చుట్టాలొచ్చి వెళ్లాక దుప్పట్లన్నీ ఒకేసారి వేసిన రోజున బయటపడుతుంది అని చెప్పాను. చివరికి, “రొటీన్ చెకప్ అని చెప్పి చూడండి” అన్నారు. నాకు కావలసింది చూడటమే. ఆ మాటకు ఒప్పుకున్నాను.

ఏడు రోజులు పట్టింది. నేను, మంజునాథ్ రోజుకు రెండేసి ఇళ్లు తిరిగాం. ప్రతి ఇంట్లో ముందు పలక విప్పి, బోల్టు కంతలు ఒక్కొక్కటీ చూశాం. పదకొండు మిషన్లలో దిమ్మ చెక్కుచెదరలేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో, హూడిలో ఒక ఇంట్లో మాత్రం బోల్టు దగ్గర సన్నని పగులు కనిపించింది. హూడి ఇంట్లో ఉన్నది ఇద్దరే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వారానికి ఒకసారి మూడు కిలోలు ఉతికేవాళ్లు. ఆ మిషన్ పక్కనే పసిపిల్ల ఉయ్యాల కట్టడానికి కొక్కెం బిగించి ఉంది. ఇల్లాలికి ఎనిమిదో నెల. రెండు మిషన్లూ మార్చాం. చివరి ఇంటి మెట్లు దిగి స్కూటర్ దగ్గరికి వచ్చాక మంజునాథ్ జాబ్ షీట్లన్నీ ఒకసారి లెక్కపెట్టి సంచిలో పెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఈశ్వరమ్మ ఇంటికి కొత్త మిషన్ ఒక శనివారం వచ్చింది. ఇంట్లోకి తీసుకుపోకముందే వీధిలోనే ముందు పలక విప్పి దిమ్మ చూశాను. పక్కింటివాళ్లు కొత్త మిషన్‌ని విప్పుతారేమిటని వింతగా చూశారు. బిగించి, రసమట్టం చూసి, ఈసారి నేనే చెప్పాను: “కాటా తెండి. ఏడు కాదు, నిండుగా వేద్దాం.”

దుప్పట్లు, పంచెలు, టవళ్లు కలిపి ఎనిమిది కిలోల తొమ్మిది వందల గ్రాములు వచ్చాయి. డ్రమ్ము నిండింది. అరచెయ్యి కష్టం మీద పట్టింది. కాటన్ ప్రోగ్రామ్ పెట్టాం. రెండున్నర గంటలు. ఈశ్వరమ్మ భర్త అంగడి మూసి వచ్చి కూర్చున్నాడు. చిత్రాన్నం పెట్టారు, కాఫీ ఇచ్చారు. అందరి చెవులూ నడవలోనే ఉన్నాయి.

స్పిన్ మొదలైంది. డ్రమ్ము ఒకసారి ఆగి, బట్టలు సర్దుకుని, మళ్లీ తిరిగింది. వేగం పెరిగింది. మునుపు శబ్దం వచ్చిన చోటు దాటింది. ఇంకా పెరిగింది. తెర మీద నిమిషానికి పన్నెండు వందల చుట్లని చూపించింది. సన్నని ఈల లాంటి హోరు తప్ప ఏమీ లేదు. ఈశ్వరమ్మ పట్టీ లేని చెయ్యి మిషన్ మీద పెట్టి అలాగే ఉంచింది.

లోపలి గదిలోంచి పెద్దామె గొంతు వినిపించింది. “ఏమే, ఆపేసినారా? మళ్లా చెడిపోయిందా?”

“లేదత్తా, తిరుగుతాండాది” అని ఈశ్వరమ్మ గట్టిగా చెప్పింది. చెబుతూనే నవ్వేసింది. ఆమె భర్త కూడా నవ్వాడు.

తలుపు తీసి దుప్పట్లు బయటికి లాగాం. చేత్తో నొక్కితే చెమ్మ తగిలింది గానీ చుక్క కారలేదు. అన్నీ బాగున్నాయని చెప్పను. నిండు లోడ్‌లో ఒక దుప్పటి మడతలో సబ్బు పొడి తెల్లగా మిగిలింది. అక్కడ బోరు నీళ్లు, ఉప్పదనం ఎక్కువ. రెండోసారి జాడించే బటన్ నొక్కమని, పొడి తగ్గించమని చెప్పాను. బొంతను ఒంటరిగా వేస్తే నీళ్లు తాగి ఒక పక్కకు ముద్దవుతుందని, దానికి తోడుగా రెండు మూడు టవళ్లు వేయమని చూపించాను. తొమ్మిది కిలోలు పడతాయి గానీ ఏడున్నర దగ్గర ఆపితే బట్ట శుభ్రంగా వస్తుందని కూడా చెప్పాను. ఆ మిషన్ గురించి ఈ రోజు ఎవరు అడిగినా నా మాట అదే.

సవరణ నోట్ వల్ల ఆ ఏడాది నా వార్షిక నివేదికలో ‘పర్యవేక్షణలో అలసత్వం’ అన్న మాట ఎక్కింది. అది సరైన మాటే. తర్వాత మూడేళ్లలో మా సెంటర్‌లో ఒక పద్ధతి పెట్టాను. ‘వాడకంలో లోపం’ అని రాయాలంటే కస్టమర్ ఇంట్లో, కస్టమర్ బట్టలతోనే, తూకం వేసి, నిండు లోడ్ తిప్పి చూడాలి. ప్రతి టెక్నీషియన్ సంచిలో చేతి కాటా ఒకటి పెట్టించాను. రోజుకు తొమ్మిది కాల్స్ ఆరుకు తగ్గాయి. దానికి మేనేజర్‌తో మళ్లీ వాదించాల్సి వచ్చింది. రెండో గడిలో టిక్కులు మాత్రం బాగా తగ్గిపోయాయి.

యంత్రం సంగతి సగం లోడ్‌లో తెలియదు. కస్టమర్ తప్పు చేశాడని రాసే ముందు, ఆ మనిషి చేసినట్టే చేసి చూడాలి. చూడటానికి టైము లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయాలి. నా ఉద్యోగంలో చివరి మూడేళ్లలో నేర్చుకున్నది ఇదే. మొదటి మూడేళ్లలోనే నేర్చుకుని ఉండాల్సింది.